చెంచాడు పెట్రోల్

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది.
శుక్రవారం, అసర్ నమాజు అయిపోయింది.
టైర్ల గోదాము ఎనక ఇసుక జాగల
బానెట్ తెరుసుకొని నిలవడ్డది మా కరోలా.
నాలుగు జీతాలు కలిపి కొన్నం.
తలా ఒక చక్రం. స్టెప్నీ అందరిది.

పొద్దుగాల్నుంచి పోశెట్టన్న ముట్టనిస్తలేడు.
"ఇంజిన్ సల్లబడని.
ఎండ సల్లబడని.
నీ తొందర సుత సల్లబడని."
నలభై ఆరు డిగ్రీల్ల ఏది సల్లబడుతదే, అన్న నేను.
వినవడనట్టు కూసున్నడు,
గొర్లు తిరిగొచ్చేదాక కూసున్న మనిషి లెక్క.

మార్చేది పెట్రోల్ ఫిల్టరు, పిడికెడంత డబ్బ.
పది నిమిషాల పని.
పది నిమిషాలే అనుకున్నందుకు
పోయినేడు ఆయన ఎడమ కన్ను
పదకొండు దినాలు పట్టీ కింద పండుకున్నది.
బండి ఆపి రెండు గంటలైందని
ధైర్యంగ పైపు ఇప్పిండట.
బండి ఆగింది సరే,
పైపుకు ఎవలు చెప్పిండ్రు ఆగుమని?
ఇప్పటికీ ఎలుగు తగిలితే ఆ కన్ను కారుతది.
ఏడుపు గాదు, యాది గాదు. ఉత్త నీళ్లు.

ముందుగాల ట్యాంకు మూత తిప్పిండు.
ఉస్సుమన్నది, లోపట ఎవరో కూలవడ్డట్టు.
ఫ్యూజుల డబ్బ తెరిసి
పంపు ఫ్యూజు పీకిండు, నీలిది, చిటికెన గోరంత.
నా అరచేతుల పెట్టిండు: "పదిలం."
"ఇగ కొట్టు సెల్ఫు."

పంపు లేదు. పైపుల మిగిలిందే తాగుకుంట
ఇంజిన్ కొంచెంసేపు మంచిగనే నడిసింది.
తర్వాత దగ్గింది. వణికింది.
డ్యాష్‌బోర్డు మీద అత్తరు సీసా టకటకమన్నది.
ఆగింది.
"మల్ల కొట్టు."
గిర్ గిర్ గిర్.
"మల్ల."
సచ్చింది గదనే, అన్న.
"సచ్చిందని నువ్వంటున్నవు. అది అనాలె."

బ్యాటరీ నల్లతీగ ఇప్పి పక్కకు ఒంచిండు.
ఫోన్లన్నీ దూరంగ ఒక టైరుల ఏసినం.
పక్క రూము సిల్హెట్ పిలగాడు
నోట్ల సిగరెట్‌తోని వచ్చిండు, క్యా హువా భాయ్ అనుకుంట.
పోశెట్టన్న లేవలే, ఒర్రలే.
చెయ్యి సాపి చెత్త కుండీ అవుతల చూపిండు.
పిలగాడు ఆ కన్ను చూసిండు,
మాట్లాడకుంట పోయిండు.

కండ్లద్దాలు రెండు జతలు. పలగనిది నాకిచ్చిండు.
లుంగీ పీలిక, ఆర్మూరు అంగడిల కొన్నది, పచ్చ గళ్లది,
మూడు మడతలు పెట్టి జాయింటుకు చుట్టిండు
దెబ్బకు కట్టు కట్టినట్టు.
మొఖం పక్కకు తిప్పుకున్నడు.
పానా ఏసి
పావు తిప్పు.
"నిమ్మళంగ" అన్నడు. నాకు గాదు, చేతికి.
ఇంకొంచెం.
గళ్ల మీద తడి లేసింది, దిర్హం బిళ్లంత.
రొట్టెంత.
ఆడ్నే ఆగింది.

గింతేనా, అన్న.
చెంచాడుంటదో ఉండదో.
చేతులకు పెట్రోల్, మోచేతి పైన కన్ను తుడుసుకున్నడు.
"గింతే.
ఆనాడు సుత గింతే."

కొత్త ఫిల్టరు ఎక్కింది. జాయింట్లు బిగిసినయ్.
ఫ్యూజు ఏది, అన్నడు.
అరచెయ్యి తెరిస్తే చెమట తప్ప ఏం లేదు.
నలుగురం మోకాళ్ల మీద ఇసుక జల్లించినం.
నా అంగీ మడతల దొరికింది, మగ్రిబ్ అజా మొదలైనంక.
తిట్టలే. ఊది, తుడిసి, దాని జాగల పెట్టిండు.
నల్లతీగ ఎక్కిచ్చి తాళం తిప్పినం, సెల్ఫు కొట్టకుంట.
ఎనక సీటు కింద పంపు గుయ్యిమన్నది.
ఆయన జాయింటు దిక్కు వొంగిండు,
చూసెటందుకు కాదు, వాసన పట్టెటందుకు.
రెండోపారి. మూడోపారి.
ఇగ నడుపు, అన్నడు.

పీలికను కంచె తీగకు ఆరేసిండు.
ఇషా కాకముందే ఆరింది,
మరక లేదు, వాసన లేదు.
అయినా రూముల పెట్టనియ్యలే.
రాత్రంత బయటనే ఆడింది
పచ్చ గళ్ల పీలిక, గాలికి, ఒక్కతే.